పరువు కోసం దాచిన పేర్లు



వంశం గురించి చెప్పమంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఉత్సాహంగా చెప్పుకొస్తారు. ఫలానా ముత్తాత చెరువు తవ్వించాడంటారు. ఫలానా తాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళాడంటారు. అదే ఇంట్లో ఇంకొకాయన దొంగతనం కేసులో జైలుకు వెళ్ళి ఉంటే మాత్రం ఆయన పేరు ఎవరూ ఎత్తరు. ఇల్లు విడిచి వెళ్ళిపోయిన మేనత్త ఉంటే ఆమె ఊసే రాదు. మొదటి తరం తెలిసి దాస్తుంది, రెండో తరం అడగడానికి జంకుతుంది, మూడో తరానికి అడగడానికి అసలు ఏమీ మిగలదు. అలా మాయమైన మనుషులను పాత జనాభా లెక్కల కాగితాల్లో వెతికి పట్టుకోవడం గురించి ఇవాళ మాట్లాడతాను.

ఈ పని ఎంతో పట్టుదలగా చేసినవాళ్ళు ఆస్ట్రేలియా వాళ్ళు. వాళ్ళకు ఆ అవసరం ఉంది. 1788 నుంచి 1868 వరకు, ఎనభై ఏళ్ళలో, బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి సుమారు 1,62,000 మంది ఖైదీలను ఓడల్లో అక్కడికి తరలించారు. వాళ్ళలో పాతిక వేల మంది దాకా స్త్రీలు. ఆ కాలం మొదట్లో ఇంగ్లండులో రెండు వందలకు పైగా నేరాలకు ఉరిశిక్ష ఉండేది. గొర్రెను దొంగిలించినా ఉరే, గుర్రాన్ని దొంగిలించినా ఉరే. ఉరి తప్పినవాళ్ళకు ఏడేళ్ళో, పద్నాలుగేళ్ళో, యావజ్జీవమో ప్రవాసం. ఆ మనుషులు అక్కడే శిక్ష పూర్తి చేసుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పొలాలు దున్నారు, పిల్లల్ని కన్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, తల్లిదండ్రులు ఖైదీలన్న సంగతి తమ పిల్లలకు తెలియకుండా దాచారు. వాళ్ళు దాన్ని ఖైదీ మచ్చ అనేవాళ్ళు.

1828 నవంబరులో న్యూ సౌత్ వేల్స్ కాలనీలో జనాభా లెక్కలు తీశారు. తేలినవాళ్ళు 36,598 మంది. అందులో 15,728 మంది అప్పటికింకా ఖైదీలే. లెక్కల్లో ప్రతి మనిషి పేరూ ఉంది, వయసు ఉంది, మతం ఉంది, చేసే పని, ఉండే చోటు, ఎన్ని ఎకరాలు, ఎన్ని పశువులు అన్నీ ఉన్నాయి. వీటితో పాటు ఇంకో గడి ఉంది. ఈ మనిషి కాలనీలోనే పుట్టాడా, స్వేచ్ఛగా వచ్చాడా, శిక్ష ముగించుకుని విడుదలయ్యాడా, క్షమాభిక్ష పొందాడా, ఇంకా ప్రభుత్వ ఖైదీయేనా? ప్రతి ఒక్కరి పేరు పక్కనా రెండేసి అక్షరాల్లో గుర్తు వేశారు. ఏ ఓడలో ఏ సంవత్సరం వచ్చారో కూడా రాశారు. ఓడ పేరు రాయడం వల్లే ఆ తరువాతి కాలంలో రహస్యాలు దాగలేదు. స్వేచ్ఛగా వచ్చానని రాయించుకున్న మనిషి చెప్పిన ఓడ ఖైదీల ఓడ అయితే, ఆ ఓడ ఖైదీల జాబితా తెరిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ లెక్కల్లో సిడ్నీలో బాగా డబ్బున్న ఒక వ్యాపారి ఉంది. పేరు మేరీ రీబీ. గోదాములు, ఓడలు, పొలాలు, ఇళ్ళు, అన్నీ ఉన్నాయి. తన స్థితి ఏమిటని అడిగితే, 1821లో స్వేచ్ఛగా వచ్చానని చెప్పింది.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. 1820లో ఇద్దరు కూతుళ్ళను తీసుకుని ఇంగ్లండు వెళ్ళి, 1821లో తిరిగి వచ్చింది. ఆ రాక స్వేచ్ఛగానే వచ్చిన రాక. కాకపోతే అది రెండో రాక. మొదటి రాక 1792లో, రాయల్ అడ్మిరల్ అనే ఓడలో. లాంకషైర్‌లోని బరీ ఊళ్ళో 1777లో పుట్టిన మేరీ, పదమూడేళ్ళ వయసులో మగపిల్లాడి బట్టలు వేసుకుని, జేమ్స్ బరో అన్న పేరుతో గుర్రం దొంగతనం కేసులో పట్టుబడింది. 1790లో స్టఫర్డ్ కోర్టు ఆమెకు ఏడేళ్ళ ప్రవాసం విధించింది. సిడ్నీ చేరిన రెండేళ్ళకు థామస్ రీబీ అనే నావికోద్యోగిని పెళ్ళి చేసుకుంది. ఏడుగురు పిల్లలు పుట్టారు. 1811లో భర్త పోయాడు. ఏడుగురు పిల్లలతో పాటు వ్యాపారమంతా ఆమె నెత్తిన పడింది. కుంగిపోలేదు, ఆ వ్యాపారాన్ని ఇంకా పెంచింది. ఆమె మనవడు 1876లో టాస్మేనియాకు ప్రధాని అయ్యాడు. 1994 నుంచి ఆస్ట్రేలియా ఇరవై డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంది.

నన్ను కదిలించేది ఆ నోటు మీది గౌరవం కంటే 1828 నాటి ఆ జవాబు. ఊరంతా గౌరవించే యాభై ఏళ్ళ స్త్రీ, లెక్కలు రాసుకునేవాళ్ళు అడిగేసరికి, పదమూడేళ్ళ నాటి ఆ పిల్లను ఎక్కడ దాచాలా అని వెతుక్కుంది. అబద్ధం చెప్పకుండానే దాచింది. పిల్లల పెళ్ళిళ్ళు, మనవల భవిష్యత్తు, సంఘంలో నిలదొక్కుకున్న పేరు, ఇవన్నీ ఆమె కళ్ళ ముందు ఉండి ఉంటాయి. పాత లెక్కలు చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఇదే. తప్పుగా రాసిన గడి చూడగానే మోసం అని కొట్టిపారేయకూడదు. ఆ తప్పు ఎవరిని కాపాడడానికి రాశారో కనిపెడితే, ఆ ఇంట్లో ఎవరికి ఎవరు కావలసినవాళ్ళో తెలుస్తుంది.

1882 సెప్టెంబరులో సిడ్నీలోని గార్డెన్ ప్యాలెస్ అనే పెద్ద భవనం కాలిపోయింది. అంతకు ముందటి సంవత్సరం తీసిన జనాభా లెక్కల కాగితాలు అందులోనే బూడిదయ్యాయి. ఖైదీల ఆనవాళ్ళు లేకుండా చేయడానికి ఎవరో కావాలనే తగలబెట్టారని ఊళ్ళో పుకార్లు పుట్టాయి. అవి రుజువు కాలేదు. కానీ అలాంటి పుకారు పుట్టి నిలబడగలిగిందంటే ఆ ఊళ్ళో ఆ భయం ఎంత లోతుగా ఉండేదో ఊహించుకోండి. అదే దేశంలో ఇవాళ 1788లో వచ్చిన మొదటి ఓడల బృందంలోని ఖైదీ తమ పూర్వీకుడని తేలితే పండుగ చేసుకుంటారు. ఖైదీల రికార్డులను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఆ గర్వం మీద నాకు ఒక అభ్యంతరం ఉంది, అదీ చెబుతాను. 1828 లెక్కల్లో ఆ నేల అసలు యజమానులైన ఆదివాసులు లేరు. దేశం మొత్తం జనాభాలో ఆదివాసులను కలపకూడదన్న రాజ్యాంగ నిబంధన 1967 ప్రజాభిప్రాయ సేకరణ దాకా అలాగే ఉంది. గొర్రెను దొంగిలించిన ముత్తాత వివరాలు ఎత్తుతో సహా దొరుకుతాయి. ఆ ముత్తాతకు ప్రభుత్వం రాసిచ్చిన పొలంలో అంతకు ముందు ఎవరు బతికారో ఆ పుస్తకం చెప్పదు. పూర్వీకుల తప్పులు వెతికేవాళ్ళు కోర్టు శిక్షించిన తప్పులతోనే ఆగిపోకూడదని నా ఉద్దేశం.

ఇంగ్లండు లెక్కల సంగతి కొంచెం వేరు. అక్కడ దేశమంతటా పేర్లతో సహా కాగితాలు దొరికేది 1841 నుంచి. ఆ ఏడాది కుటుంబ పెద్దకు ఎవరు ఏమవుతారో అడగలేదు. 1851 నుంచి ఆ గడి వచ్చింది. బంధుత్వాల చిక్కుముడులన్నీ ఆ గడిలోనే ఉంటాయి. ఇంట్లో నలభై ఎనిమిదేళ్ళ తల్లి, పంతొమ్మిదేళ్ళ పెళ్ళికాని కూతురు, ఆ తరువాత ఎనిమిదేళ్ళ పిల్లవాడు, చివర ఆరు నెలల పసికందు. పసికందు ఎవరంటే ఇంటి పెద్దకు కొడుకు అని ఉంటుంది. పదేళ్ళ తరువాతి లెక్కల్లో అదే పిల్లవాడు ఒక్కొక్కసారి మనవడిగా మారతాడు. పెళ్ళికాని కూతురి బిడ్డను తల్లిదండ్రులు తమ బిడ్డగా పెంచిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. నవలా రచయిత్రి కేథరిన్ కుక్సన్ అలాగే పెరిగింది. 1906లో టైన్ డాక్‌లో పుట్టిన ఆమె, తన కన్నతల్లిని అక్క అనుకుంటూ అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. పరువు కోసం ఆడిన ఆ అబద్ధం ఆ బిడ్డకు ఒక ఇల్లూ ఇచ్చింది, జీవితమంతా వదలని బాధనూ ఇచ్చింది.

పనిమనిషి, అతిథి, అద్దెకున్న మనిషి అన్న గడులనూ తేలిగ్గా వదలకూడదు. ఒకే స్త్రీ ఒకే మగవాడి ఇంట్లో ఇరవై ఏళ్ళ పాటు ఇంటిపని చేసే మనిషిగా కనిపిస్తూ, ఆమె పిల్లల పేర్లలో ఆ మగవాడి ఇంటిపేరు నడిమి పేరుగా వస్తోందంటే ఆగి ఆలోచించాలి. జైళ్ళలో, పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్ళను చాలా చోట్ల పేర్లతో కాక పొడి అక్షరాలతో మాత్రమే రాశారు. పొడి అక్షరాలు, వయసు, పుట్టిన ఊరు, చేతిపని కలిపి చూసుకుంటే తప్ప మనిషి దొరకడు. వయసును నమ్మడానికీ లేదు. 1841లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును ఐదు గుణిజానికి కిందికి దించి రాయమన్నారు. ముప్పై నాలుగేళ్ళ మనిషి ముప్పై అయ్యాడు. ఒక్క సంవత్సరం లెక్కలు చూసి తీర్పు చెప్పకుండా, ముందు పదేళ్ళు, వెనక పదేళ్ళు కలిపి చదవాలి. పక్క ఇళ్ళూ చదవాలి. బంధువులు చాలాసార్లు రెండిళ్ళ అవతలే ఉంటారు.

నూరేళ్ళు నిండితే గాని ఇంగ్లండులో ఆ కాగితాలు విప్పరు. 1921 నాటివి 2022 జనవరిలో బయటికి వచ్చాయి. 1931 నాటివి 1942 డిసెంబరులో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలు తీయనే లేదు. ఇక తరువాతి కాగితాల కోసం 2052 దాకా ఆగాలి. నూరేళ్ళ గడువు మంచిదే. సిగ్గు అనుభవించిన మనిషి, ఆ మనిషి కన్న బిడ్డలు బతికి ఉండగా వాళ్ళ రహస్యం విప్పే హక్కు ఎవరికీ లేదు.

చెడ్డపేరు ఎప్పటికీ చెడ్డపేరుగా ఉండదని చెప్పడానికి అక్కడే లెక్కలు తీసిన 1911 ఏప్రిల్ 2 రాత్రి ఒక్కటి చాలు. స్త్రీలకు ఓటు లేనప్పుడు మమ్మల్ని లెక్కించనూ వద్దంటూ ఓటు హక్కు ఉద్యమకారిణులు ఎందరో ఆ రాత్రి ఇళ్ళు వదిలి వెళ్ళారు. ఎమిలీ డేవిసన్ పార్లమెంటు భవనంలోని ప్రార్థనాలయం అల్మారాలో దాక్కుంది. అప్పటికే పలుమార్లు జైలుకు వెళ్ళిన మనిషి. పెద్దమనుషుల దృష్టిలో అల్లరి మనిషి. లెక్కల కాగితంలో ఆమె నివాసం పార్లమెంటు భవనం అని ఎక్కింది. ఆమె దాక్కున్న చోట 1991లో టోనీ బెన్ అనే పార్లమెంటు సభ్యుడు గౌరవ ఫలకం పెట్టాడు.

ఇప్పుడు అమెరికాకు వస్తాను. పరువు ఎవరిది, అప్రతిష్ఠ ఎవరిది అన్న ప్రశ్నకు అక్కడి లెక్కల్లో కనిపించినంత కఠినమైన జవాబు ఇంకెక్కడా నాకు కనిపించలేదు. 1850, 1860 లెక్కల్లో బానిసల కోసం వేరే పట్టికలు ఉండేవి. యజమాని పేరు రాసి, దాని కింద బానిసల వయసు, ఆడో మగో, ఒంటి రంగు రాసేవాళ్ళు. పేర్లు రాయలేదు. విముక్తులైన నల్లజాతి ప్రజలు అందరితో పాటు పేర్లతో లెక్కల్లోకి ఎక్కింది 1870లోనే. తమ వాళ్ళ కోసం వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళే ఎన్నో నల్లజాతి కుటుంబాలు ఆ సంవత్సరం దగ్గరే ఆగిపోతాయి.

ఆ 1870 లెక్కల్లో, ఒహాయో రాష్ట్రంలోని రాస్ కౌంటీలో మాడిసన్ హెమింగ్స్ అనే వడ్రంగి ఉన్నాడు. లెక్కలు రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి ఆయన పేరు పక్కన, ఎవరూ అడగని ఒక మాట తనంతట తాను రాశాడు. ఈ మనిషి థామస్ జెఫర్సన్ కొడుకు అని. స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్, మూడో అధ్యక్షుడు జెఫర్సన్. మాడిసన్ తల్లి శాలీ హెమింగ్స్ ఆయన ఇంటి బానిస. అంతే కాదు, ఆయన చనిపోయిన భార్యకు సవతి చెల్లెలు. ఇద్దరి తండ్రీ ఒకడే, జాన్ వేల్స్. ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరిలో ఒకామె దొరసాని, ఇంకొకామె ఆస్తి.

1802లోనే ఈ సంగతి పత్రికలకెక్కింది. జెఫర్సన్ కుటుంబం మాత్రం మేనల్లుళ్ళ మీదికి నెట్టింది. చరిత్రకారులు తరాల తరబడి ఆ మాటే నమ్మారు. మాడిసన్ 1873లో ఒక ఒహాయో పత్రికకు తన కథ చెప్పుకున్నా పట్టించుకోలేదు. జెఫర్సన్ 1826లో చనిపోయాక శాలీ తన చిన్న కొడుకులిద్దరితో షార్లట్స్‌విల్‌లో ఉంది. 1830 లెక్కల్లో ఆమెను తెల్లజాతి స్త్రీగా రాశారు. మూడేళ్ళకు తీసిన ప్రత్యేక లెక్కల్లో నల్లజాతి రక్తం కలిసిన మనిషిగా రాశారు. మనిషి ఒకటే, ఒంటి రంగు ఒకటే, రాసినవాళ్ళు మారారు. చిన్న కొడుకు ఎస్టన్ తరువాత విస్కాన్సిన్ వెళ్ళి, ఇంటిపేరు జెఫర్సన్‌గా మార్చుకుని, తెల్లవాడుగా బతికాడు. అతని వారసులు తరువాతి తరాల్లో అసలు సంగతే మరిచిపోయారు. 1998లో డీఎన్ఏ పరీక్ష చేస్తే ఎస్టన్ మగ సంతతి వారసుడి రక్తం జెఫర్సన్ వంశంతో కలిసింది, ఆ మేనల్లుళ్ళతో కలవలేదు. 2000 నాటికి జెఫర్సన్ ఇంటిని చూసుకునే సంస్థ కూడా ఒప్పుకుంది. ఒక వడ్రంగి మాట, ఒక లెక్కల ఉద్యోగి పక్కన రాసిన ఒక్క వాక్యం, ఇవి ఒక దేశాధ్యక్షుడి వంశం రాయించుకున్న చరిత్ర కంటే నిజంగా నిలబడ్డాయి. ఇంతకాలం సిగ్గుపడవలసిన పూర్వీకురాలిగా నిలబడ్డది శాలీ. నా మటుకు నాకు ఆ కథలో సిగ్గుపడవలసిన మనిషి ఆమె కాదు.

మరి మన సంగతి? మన దేశంలో 1871 ప్రాంతం నుంచి లెక్కలు తీస్తున్నారు. 1881 నుంచి పదేళ్ళకోసారి దేశమంతా ఒకేసారి తీశారు. కానీ ఇంటింటికీ రాసిన కాగితాలు మొత్తాలు కట్టాక నాశనం చేశారు. మిగిలినవి అచ్చు పుస్తకాలు, వాటి నిండా అంకెలే. 1948 జనగణన చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు ఎవరికీ చూపరు. అందుచేత మీ ముత్తవ్వ పేరు ఏ జనాభా లెక్కల్లోనూ మీకు దొరకదు.

దొరికేది సముద్రం దాటినవాళ్ళ పేర్లు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రురో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా చెరకు తోటల కోసం దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళిన కూలీలు లక్షన్నర మందికి పైగా. అందులో మన తెలుగువాళ్ళు చాలామంది. ఆ ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలతో సహా ఉన్నాయి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ దగ్గర ఆ దేశానికి వెళ్ళిన కూలీల ఫోటోలు కూడా ఉన్నాయి. కరువుకు వెళ్ళినవాళ్ళు ఉన్నారు, అప్పులకు భయపడి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, వైధవ్యం మోయలేక వెళ్ళిన స్త్రీలు ఉన్నారు, ఊరు వెలివేస్తే వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వెనక ఉండిపోయిన ఇళ్ళల్లో వాళ్ళను ఎటో పోయారు అన్నారు. అక్కడ డర్బన్‌లో ఐదో తరం మనవరాలు తన ఊరి పేరు పలకడం సరిగా రాక, గుమాస్తా తప్పుగా రాసిన స్పెల్లింగు పట్టుకుని మన జిల్లాల్లో వెతుకుతోంది. ఆమె వెతికే ఇల్లు మీదే కావచ్చు.

ఇంకో రకం జాబితాలున్నాయి, వాటి గురించి చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 నాటి సవరణతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వాళ్ళలో పుట్టడమే నేరమైంది. వేలిముద్రలు తీసుకుని రిజిస్టర్లలో ఎక్కించారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అలా వాళ్ళను తెచ్చి ఉంచడానికి కట్టిన ఊరు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. కానీ ఆ ఊరి పేరు వినగానే ముఖం మార్చుకునే మనుషులు ఇప్పటికీ ఉన్నారు. ఆ రిజిస్టర్‌లో తాత పేరు దొరికిన మనవడు తలవంచుకోవలసిన పని లేదు. తాత ఏదైనా నేరం చేశాడా అన్నది ఆ పుస్తకం చెప్పదు. పుట్టుకను బట్టి ప్రభుత్వం అతని పేరు ఎక్కించిందని మాత్రమే చెబుతుంది.

తద్దినాలు పెట్టే ఇళ్ళలో మూడు తరాల పేర్లు చెప్పుకుంటారు. అంతకు పైన ఎవరికీ గుర్తుండదు. ఆ మూడు తరాల్లోనూ వెళ్ళగొట్టినవాళ్ళ పేరు, వెళ్ళిపోయినవాళ్ళ పేరు రాదు. మనకు లెక్కల కాగితాలు లేవు కాబట్టి ఇళ్ళల్లో మిగిలిన వృద్ధుల జ్ఞాపకమే మన లెక్కల పుస్తకం. ఆ పుస్తకం ఏటేటా కాలిపోతోంది.

అందుకని మీకొక మనవి. మీ ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మో, పెదనాన్నో, మేనత్తో ఉంటే, ఈ వారంలో ఒక మధ్యాహ్నం వాళ్ళ దగ్గర కూర్చోండి. చెరువు తవ్వించిన తాత సంగతి తరువాత అడుగుదురుగాని. ముందు, పేరు ఎత్తని మనిషి ఎవరని అడగండి. పదిమందిలో అడగకండి, ఒంటరిగా అడగండి. చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టకండి, ఇంకోసారి వెళ్ళండి. చెబితే ఆ పేరు, ఊరు, సుమారు ఏ సంవత్సరం, ఎటు వెళ్ళారు, ఎవరితో వెళ్ళారు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ మనిషి పిల్లలు ఎక్కడైనా బతికి ఉంటే, వాళ్ళకు నొప్పి కలగకుండా ఆ పుస్తకం భద్రంగా ఉంచండి. వంశవృక్షం గీసేటప్పుడు మాత్రం ఆ కొమ్మ నరికేయకండి. పేరు రాసి, మిగతావాళ్ళ పక్కనే ఉంచండి.